ఆటకి ముందు భోజనం

బాపట్ల పేరు వినిపిస్తే చాలు, తెనాలి ఫుట్‌బాల్ జట్టు కోచ్ బసవేశ్వరరావు గారి ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. ముందు గొంతు సవరించుకునేవారు, జేబులో విజిల్ ఉందో లేదో తడుముకునేవారు, అప్పుడు అనేవారు: "ఇంటికొచ్చి అన్నం వద్దన్న మనుషుల సంగతి నా దగ్గర ఎత్తకండి."

ఆ అన్నం సంగతి ముందు చెప్పాలి.

డెల్టా డివిజన్‌లో ఉన్నవి నాలుగే జట్లు: తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల. ఒక్కో జట్టూ మిగతా మూడు ఊళ్లకీ వెళ్లి ఆడాలి, వాళ్లూ వచ్చి ఆడాలి. మ్యాచ్ మూడున్నరకి. వచ్చిన జట్టుకి ఒంటిగంటకల్లా భోజనం పెట్టడం ఆనవాయితీ. రూలు పుస్తకంలో ఈ ముక్క ఎక్కడా లేదు గానీ, అందులో ఉన్నవాటన్నిటికంటే గట్టిగా నడిచింది ఇదే. తెనాలిలో వంట బసవేశ్వరరావు గారి భార్య కనకదుర్గమ్మది. ముద్దపప్పు, గోంగూర, కోడికూర, సాంబారు, గడ్డపెరుగు. "ఇంకాస్త వేసుకో నాయనా, పొద్దున్నెప్పుడో బయల్దేరి ఉంటావు" అంటూ ఆవిడ గరిటె వంచితే రేపల్లె గోల్‌కీపరు కూడా చెయ్యి అడ్డం పెట్టలేకపోయేవాడు. మూడున్నరకి ఆ జట్టంతా నిండు గర్భిణిలా గ్రౌండ్‌లోకి దిగేది. తెనాలి వాళ్లు మాత్రం పొద్దున తిన్న రెండిడ్లీలతో ఉండి, గెలిచాక తినేవాళ్లు.

మోసం అనకండి. నాలుగు ఊళ్లూ ఒకదానికొకటి ఇలాగే పెట్టుకునేవి. ఎవరి ఊళ్లో వాళ్లు గెలిచేవాళ్లు, అందరికీ మర్యాద దక్కేది. అలా పదకొండేళ్లుగా తెనాలి సొంత గ్రౌండ్‌లో ఓడలేదు.

బసవేశ్వరరావు గారికి ఆ పదకొండేళ్లు తప్ప చెప్పుకోవడానికి వేరే ఏం లేదు. జంపని దగ్గర పొలం ఉన్న కుటుంబం. కొడుకుని చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తాగా చూడాలని తండ్రి అనుకున్నాడు. కొడుకు బంతి వెంటపడి, ముందుపన్ను ఒకటి గోల్‌పోస్టుకి సమర్పించుకుని, చివరికి తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా తేలాడు. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. స్కూల్లో ఆయన మాట వినేవాడు లేడు. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిందంటే డ్రిల్లు పీరియడే లాక్కుంటాడు. ఆదివారం గ్రౌండ్ గీత పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ వేశారంటే మాత్రం ఇరవైరెండు కాళ్లు ఆయన నోటిని బట్టి కదిలేవి. ఆ కుర్చీలో ఆయన కూర్చున్నది ఎవరూ చూడలేదు. దాని ముందు నిలబడి అరిచేవారు. "యశ్వంత్! ఎడమకి! ఎడమకిరా! ఇవ్వు, ఇవ్వు... ఇవ్వకు!" తొంభై నిమిషాలూ ఇదే వరస. కెప్టెన్ యశ్వంత్ సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు. ఆదివారం రాత్రి కలలో కూడా ఎడమకే తిరిగి పడుకుంటాడని వాళ్లావిడ చెప్పుకుంటుంది.

నిరుడు బాపట్ల పాత కోచ్ ముత్తయ్య మోకాళ్ల నొప్పులతో తప్పుకున్నాడు. ఆయన చోట్లోకి సునీల వచ్చింది. చీరాలలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి, ముప్ఫై ఒక్కేళ్లు, కోచింగ్ డిప్లొమా ఉంది. మొదటి మ్యాచే తెనాలిలో. వ్యాన్ దిగి, చెప్పులు విప్పి, పద్ధతిగా నమస్కారం పెట్టింది.

"బాబాయ్‌గారూ, మావాళ్లు ఇప్పుడు తినరండి. ఏమీ అనుకోకపోతే క్యారియర్లలో సర్దించండి, మ్యాచ్ అయ్యాక తింటారు."

కనకదుర్గమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "పప్పు చల్లారిపోతుందమ్మా!"

"చల్లారినా మీ చేతి పప్పే కదా పిన్నిగారూ."

పదహారు విస్తళ్లు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. బసవేశ్వరరావు గారికి ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి వచ్చింది. మ్యాచ్‌లో బాపట్ల మూడు గోల్స్ కొట్టింది, తెనాలి ఒక్కటీ కొట్టలేదు. ఆ తర్వాత బాపట్ల వాళ్లు గ్రౌండ్ పక్కనున్న స్కూలు మెట్ల మీద కూర్చుని గోంగూర గిన్నె అడుగు కనిపించేదాకా తిని, క్యారియర్లు తోమి మరీ ఇచ్చారు. అది కనకదుర్గమ్మకి లోలోపల నచ్చింది గానీ భర్త ముఖం చూసి చెప్పలేదు.

ఆయన ఊరుకోలేకపోయారు. "అన్నం పెట్టినవాళ్లని అవమానించి గెలిచావమ్మా. ఇదీ ఒక గెలుపేనా?"

సునీల నవ్వలేదు. "అన్నం సంగతి వదిలేయండి. మీ గొంతే మాకు బోలెడు సాయం చేసింది బాబాయ్‌గారూ. బంతి ఎటొస్తుందో మావాళ్లకి మీరే ముందుగా చెప్పేశారు."

ఆ మాట ఆయనకి చెవిలో చీమ దూరినట్టయింది. మర్నాడే జట్టు కమిటీ ప్రెసిడెంటు బ్రహ్మానందం తన ఎరువుల కొట్టుకి పిలిపించాడు.

"పదకొండేళ్లది పోయిందయ్యా. బాపట్లలో ఆడేది ఇంకొకటుంది. అదీ పోయిందంటే మేమూ డిప్లొమా ఉన్నవాణ్ణే చూసుకుంటాం. నిన్ను గౌరవ సలహాదారుగా ఉంచుతాంలే."

"గౌరవ సలహాదారుకి కుర్చీ ఎక్కడేస్తారండి?"

"స్టేజీ మీద వేస్తాం. దండ కూడా వేస్తాం."

స్టేజీకీ గీతకీ మధ్య అరవై గజాలు. అక్కణ్ణుంచి అరిస్తే ఎవడికి వినపడుతుంది?

రెండు వారాలు లోలోపల రగిలి, రేపల్లె కోచ్ ప్రభుదాస్‌కి ఫోన్ చేశారు. ఇద్దరూ ఇరవై ఏళ్ల స్నేహితులు. "ప్రభుదాసూ, మనం ముగ్గురం కలిసి బాపట్లతో ఆడేది లేదని చెప్పేద్దాం. ఆనవాయితీ తొక్కేసింది ఆవిడ."

అవతల ప్రభుదాస్ నసిగాడు. "అదేం లేదు బసవన్నా... మావాళ్లూ క్యారియర్లే అంటున్నారు. మ్యాచ్ ముందు గుడ్డు, అరటిపండు. మొన్న చీరాలలో అలాగే గెలిచాం. చీరాల వాళ్లు కూడా ఇక అదేనంట."

"నువ్వు కూడానా! నీ పీతల కూర తిని ఓ ఏడాది మీ ఊళ్లో ఆరు గోల్స్ మింగాను. ఒక్కనాడు నోరెత్తానా?"

"పీతలు బాగున్నాయనే చెప్పావన్నా."

"బాగున్నాయి కాబట్టే చెప్పాను. పెట్టెయ్ ఫోన్!"

ఒక్క మనిషి వచ్చి నాలుగు ఊళ్ల వంటిళ్లూ చల్లార్చేసింది. చేసేది లేక బసవేశ్వరరావు గారూ పద్ధతి మార్చారు. బాపట్ల వెళ్లే రోజున కనకదుర్గమ్మ ముప్ఫై గుడ్లు ఉడకబెట్టింది. రైల్లో ఆయన పెట్టెలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఒకటే చెప్పారు. "అక్కడ మెతుకు ముట్టారంటే ఊరుకోను. నీళ్లు కూడా మన సీసాల్లోవే. కనికట్టు మనిషి ఆవిడ!"

బాపట్లలో గ్రౌండ్ పక్కన షామియానా, కింద పదహారు విస్తళ్లు. సునీల మేనత్త నాగజ్యోతి తెల్లవారుజామునే వాడరేవు వెళ్లి పడవ దగ్గరే చేపలూ రొయ్యలూ బేరమాడి తెచ్చింది.

"మావాళ్లు తినరు" అన్నారు బసవేశ్వరరావు గారు, ఈ మాట కోసమే మూడు నెలలు బతికినట్టు.

"మంచిదండి. సర్దిస్తాం" అంది సునీల. అంతే. ఆవిడ ముఖంలో కోపం గానీ చిన్నతనం గానీ కనపడలేదు. ఆయనకి మహా నిరాశగా అనిపించింది.

నాగజ్యోతి మాత్రం నొచ్చుకుంది. "ఒక్కరైనా కూర్చోకపోతే ఎలా అన్నయ్యగారూ? చీకటితో లేచి తెచ్చాను."

అప్పుడు తట్టింది ఆయనకి. అన్నాన్ని ఎలా గౌరవించాలో ఈ డిప్లొమా మనిషికి చూపించాలి. తను ఆడేది ఎలాగూ లేదు. ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కుని కూర్చున్నారు. "వడ్డించమ్మా. మా తెనాలి వాళ్లం విస్తరి దగ్గర వద్దనం" అన్నారు, సునీలకి వినపడేంత గట్టిగా.

రొయ్యల వేపుడు వచ్చింది. వద్దనలేదు. వంజరం పులుసు వచ్చింది, మళ్లీ వచ్చింది. ప్రతి ముద్దకీ ఓరకంట సునీల వైపు చూస్తూ, ఇది నీకు బుద్ధి చెప్పడానికే అన్నట్టు నమిలారు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి చెప్పడం సంగతి మర్చిపోయారు.

మూడున్నరకి విజిల్ మోగింది. ఆయన కుర్చీ ముందు నిలబడ్డారు. "యశ్వంత్! ఎడ..." అన్నారు. మిగతా సగం ఆవులింతలో పోయింది. సముద్రం వైపు నుంచి గాలి చల్లగా వస్తోంది. కోచ్‌గా పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన కూర్చున్నారు.

ఆ తర్వాత జరిగింది ఆయనకి నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. బంతి కాళ్ల దగ్గరికి రాగానే యశ్వంత్ అలవాటుగా కుర్చీ వైపు చూశాడట. గొంతు రాలేదు. బాపట్ల డిఫెన్స్ కూడా ఆ గొంతు కోసమే చెవులు పెట్టుకుని నిలబడిందట. ఇటు వాళ్లూ అటు వాళ్లూ రెండు క్షణాలు ఊరికే నిలబడిపోయారు. చివరికి యశ్వంత్ తన ఇష్టానికి కుడికి తిరిగాడు. గోల్. హాఫ్ టైమ్‌లో అతనే సార్ టోపీ తీసి ఆయన ముఖం మీద ఎండ పడకుండా పెట్టి, జట్టు వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకుని, "నెమ్మదిగా మాట్లాడండ్రా" అన్నాడట.

సునీల రెఫరీ దగ్గరికి పరిగెత్తింది. "సార్, వాళ్ల కోచ్‌ని లేపండి!"

"కోచ్ మేలుకుని ఉండాలని రూల్లో లేదమ్మా."

చివరి విజిల్‌కి బసవేశ్వరరావు గారు ఉలిక్కిపడి లేచారు. టోపీ కిందపడింది. "ఎడమకి!" అని గ్రౌండ్ అదిరేలా అరిచారు. అక్కడ రెండు జట్లూ చేతులు కలుపుకుంటున్నాయి. అందరూ ఆగి ఇటు తిరిగి చూశారు. ఆయన యశ్వంత్‌ని పక్కకి లాగి, చెవిలో, "ఎంతరా?" అన్నారు.

"రెండు ఒకటి సార్. మనమే."

"తెలుసు. నువ్వు చూశావో లేదో అని."

సునీల ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు పడుకుంటారని తెలిస్తే మా అత్తని గరిటె పట్టనిచ్చేదాన్ని కాదు. ఇంకోసారి మీకు బాపట్లలో మజ్జిగ కూడా పుట్టదు బాబాయ్‌గారూ!"

"నిద్ర కాదమ్మా అది. వ్యూహం" అన్నారాయన. గడ్డం కింద చొంగ తుడుచుకోవడం మర్చిపోయారు.

రైలు తెనాలి చేరేలోపే డివిజన్ వాట్సాప్ గ్రూపులోకి ఫోటో వచ్చింది. పంపింది ఆట చూడ్డానికి బాపట్ల వచ్చిన ప్రభుదాస్. కుర్చీలో వెల్లకిలా వాలిపోయిన కోచ్, తెరిచిన నోరు, ఆ నోట్లో పన్ను లేని సందు. కింద రాత: "వ్యూహంలో ఉన్న మా బసవన్న."

బ్రహ్మానందం ఇంటికే వచ్చి కాఫీ తాగాడు. "వచ్చే ఏడూ నువ్వేనయ్యా. గీత పక్కనే కుర్చీ. కానీ ఒక్క మాట. మ్యాచ్ రోజున కడుపు నిండా తినే గ్రౌండ్‌కి రావాలి. ఇది కమిటీ తీర్మానం."

బసవేశ్వరరావు గారికి అర్థమైంది. కుర్చీ ఇస్తున్నారు, నోరు తీసుకుంటున్నారు.

మరుసటి ఆదివారం రేపల్లెతో, తెనాలిలోనే. ప్రభుదాస్ జట్టు పదహారు ఖాళీ క్యారియర్లు చేత్తో పట్టుకుని దిగింది. కనకదుర్గమ్మ భర్తకి ఒక్కడికే విస్తరి వేసింది. వంటింట్లో ఆవిడ ఫోన్‌లోంచి యశ్వంత్ గొంతు వినపడుతూనే ఉంది. "పిన్నిగారూ, గడ్డపెరుగు మాత్రం మర్చిపోకండి. వీలైతే రెండుసార్లు."

ఆయన విన్నారు. రెండుసార్లూ వేయించుకున్నారు.

కానీ ఆ రోజు నిద్ర రాలేదు. ఎలా వస్తుంది, మొదటి నిమిషంలోనే మనవాడు బంతిని కుడికి తీసుకుపోతుంటే? ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, రెప్పల సందులోంచి చూస్తూ, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. జట్టు ఆ మూసుకున్న కళ్లు చూసి ధైర్యంగా ఆడుతోంది.

కుర్చీ పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. రేపల్లె ఆట చూసుకుపోవడానికి బాపట్ల నుంచి వచ్చిన సునీల. వంగి, మెల్లగా, తీయగా అంది: "బాబాయ్‌గారూ, మీవాడు అది ఎడమకి ఇవ్వాల్సింది కదండీ?"

బసవేశ్వరరావు గారు కదల్లేదు. నోరు తెరవలేదు. సన్నగా గురక కూడా పెట్టారు.

ఎడమ కనుబొమ్మ మాత్రం పైకి లేచింది.