ఏ అయ్యగారు

మా అవ్వ ప్రభువును నమ్ముకున్నప్పటి నుంచి నాకు ఆదివారమంటే పడదు. నిజామాబాద్‌లో మోటార్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ని, దుకాణం మూసేది ఆ ఒక్కరోజే. నా పిల్లను బండి మీద కూర్చోబెట్టుకుని బోధన్ పక్కన మా ఊరికి వెళితే ఇంటికి తాళం. చెరుకు కోతలున్నా సరే, అవ్వ ఆ రోజు పొలం మొహం చూడదు. మధ్యాహ్నం దాటాక తెల్లచీరలో, చంకన బైబిలు సంచితో తీరిగ్గా వచ్చి, "ప్రార్థన ఇడిసిపెట్టి ఎట్లొస్త బిడ్డా" అనేది. కన్నకొడుకు అరుగు మీద పడి ఉండొచ్చు, ప్రార్థన మాత్రం ఆగదు.

సోమవారం ఒక్కపొద్దులు మానేసింది. పోచమ్మకు బోనం మానేసింది. గోడ మీది దేవుళ్ల పటాలు పాత చీరలో మూటగట్టి, పారెయ్య మనసొప్పడం లేదు, నువ్వే తీసుకుపొమ్మని నా బండి మీద పెట్టింది. ఇంట్లోంచి నన్నే వెళ్లగొట్టినట్టు అనిపించింది. పిల్ల పుట్టెంట్రుకలకు గుడి దాకా వచ్చి గేటు బయట ఎండలో నిలబడింది. లోపలికి రమ్మంటే నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

అందుకే మా నాన్నను, బాపును గట్టిగా పట్టుకున్నాను. ఆయనా అటు పోతే ఆ ఇంట్లో నాకంటూ ఎవరూ మిగలరు. ఆయన నుదుట కుంకుమ బొట్టు చూస్తే ప్రాణం లేచొచ్చేది. అవ్వ వంటింట్లో ఉంటే మేమిద్దరం ఆమె ప్రార్థనల మీద జోకులేసుకునేవాళ్లం. వేసేది నేను, ఆయన తల ఊపేవాడు. పొలం దగ్గర ఉంటే ఇంటికి వస్తాను, ఫోన్ చేసి రమ్మని మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

మొన్న ఎండాకాలం బాపుకు గుండెనొప్పి వచ్చింది. నిజామాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడే ఆపరేషన్. అవ్వ బట్టలు తేవడానికి ఊరికి పోయినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారిని పిలువు బిడ్డా. భయమైతుంది."

మా ఇళ్లలో అయ్యగారంటే పంతులే. నా గృహప్రవేశం చేయించినాయన్ను బతిమాలి బండి ఎక్కించుకొచ్చాను. దారి పొడుగునా అవ్వ మీద గెలిచానన్న సంబరమే. పంతులు తీర్థం గిన్నె తీసేసరికి బాపు లేవబోయి దండం పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"గీ అయ్యగారు గాదు బిడ్డా. మీ అవ్వోళ్ల అయ్యగారు."

చర్చికి పోయేవాళ్లు పాస్టరును కూడా అయ్యగారనే అంటారని నాకు తెలుసు. బాపు నోట ఆ మాట వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఎప్పటి నుంచని అడిగితే రెండేళ్లు దాటిందన్నాడు. మరి ఆ బొట్టేమిటని పంతులు ముందే గద్దించాను.

"నువ్వొస్తున్నవంటెనే పెట్టుకుంటుంటి. నువ్వు గరమైతవని."

పంతులు మంచివాడు. త్వరగా కోలుకొమ్మని బాపును దీవించి, గిన్నె సంచిలో పెట్టుకుని ఆటోలో వెళ్లిపోయాడు. సాయంత్రం పాస్టరు వచ్చాడు. నేను వరండాలోనే నిలబడ్డాను. లోపల అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది బాపే.

ఆపరేషన్ బాగానే జరిగింది. దేవుడే కాపాడాడని అవ్వ ఊరంతా చెప్పుకుంది. ఏ దేవుడని నేను అడగలేదు. దాంతో నా మనసు కరిగిందని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ. అవ్వ ఏం చేసినా నా మొహం మీదే చేసింది. బాపు దొంగబొట్టు పెట్టుకుని కూర్చుంటే నేను చూసి మురిసిపోయాను. ఇప్పుడు నా కోపమంతా ఆయన మీదే.

ఈ మధ్య చెప్పకుండానే ఊరికి వెళుతున్నాను. పోయిన వారం గడపలో నన్ను చూసి బాపు ఉలిక్కిపడ్డాడు.

"ఫోన్ జేసి రావద్దా బిడ్డా" అన్నాడు.

దేనికి, అన్నాను. ఆయన చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది.