చీమలు ఎత్తుకుపోయిన జొన్నలు

పినపాక దగ్గర అడవి అంచున మాకు ఎకరం ఎర్రచెలక ఉండేది. వాన వెలిసి ఎండ కాస్తే పైన అట్టకట్టే నేల. డెబ్బైల చివర్లో ఒక ఏడు ఇంట్లో ఉన్న జొన్న విత్తనమంతా అందులో చల్లాం. ఇంకో గింజ లేదు. మర్నాడు పోయి చూస్తే చీమలు వరసకట్టి గింజలు ఎత్తుకుపోతున్నాయి.

ఒక్క గింజ పోయినా నేను ఊరుకునే మనిషిని కాను. గడ్డపార, చేట పట్టుకుపోయి పుట్టలు తవ్వాను. ఆ మట్టి చెరిగి, గింజలు ఏరి, మళ్లీ చల్లాను. మూడు రోజుల్లో గట్టు వార పుట్ట ఒక్కటే మిగిలింది. దాని మీద గడ్డపార ఎత్తేసరికి పక్క చేను కోయ ఆమె కట్టెల మోపుతో వచ్చి నిలబడింది.

"ఏందక్కా, చీమలింట్ల దొంగతనానికి వచ్చినవా?"

"నా గింజలు నేను తీస్కుంటున్న. దొంగలు అవి."

"నీ నాగలి కంటే లోతుకు దున్నుతయి. కూలి కింద నాలుగు గింజలు తింటే ఏంది?"

"నా కాడ కూలికి పెట్టేటందుకు లేవు."

"అవ్ మరి. ఇంటికొచ్చినోళ్లకే చాయ్ పొయ్యవు, చీమలకేం పెడ్తవ్ తియ్" అని నవ్వుకుంటూ పోయింది.

ఆమె మాటకు ఆగానని కాదు. నడుం పట్టేసి ఆ పుట్టను వదిలేశాను.

వారానికి పెద్ద వాన కురిసింది. చెలకంతా నీళ్లు నిలిచి, ఆరాక అట్టకట్టింది. మొలకలు పైకి రాలేక లోపలే వంగిపోయాయి. నేను తవ్విన చోట్లా అంతే. గట్టు వార పుట్ట చుట్టూ మాత్రం నీరు బొరియల్లోకి ఇంకింది. చీమలు పైకి తెచ్చిన సన్న మట్టి, గింజల పొట్టు కలిసి అక్కడి నేల వేలు దిగేంత గుల్లగా ఉంది. మంచం వేసినంత మేర జొన్న పచ్చగా లేచింది.

ఆ మంచం మేరకే నేను కాపలా ఉన్నాను. మేం కూలికి పోయి తిన్నాం గానీ ఆ కంకుల్లో ఒక్క గింజ వండలేదు. అన్నీ విత్తనానికి దాచాను.

మరుసటి ఏడు చల్లే ముందు చేటెడు తాలు, నూకలు తెచ్చి గట్టు వార పోశాను. కోయ ఆమె చూడనే చూసింది.

"కూలి ఇస్తున్నవా అక్కా?"

"తాలే. మంచి గింజ ఒక్కటి లేదు, చూస్కో."

అప్పటికి చెలక నడుమ కొత్త పుట్టలు రెండు లేచాయి. వాటిని తప్పించి నాగలి తోలమని మా ఆయనకు చెప్పాను.