అక్క ముట్టని కీబోర్డు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎదురుగా ఉంటే ఈపాటికి మాట మార్చేసి ఉండేవాణ్ణి. అందులో నాకు మంచి నేర్పు ఉంది.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేను నేర్చుకున్నది నాయుడుపేటలో, ఒక అక్క దగ్గర. సొంత అక్క కాదు. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేది. ఆ భాష మొండిది. చిన్న తప్పున్నా ముందుకు కదలనివ్వదు. నేను విసుక్కుని ల్యాప్‌టాప్ ఆమె వైపు తోసేవాణ్ణి. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "నేను ముట్టను అబ్బయా. నేను కొడితే నాకొస్తాది, నీకు రాదు," అనేది. ఎవరి కీబోర్డు మీదా ఆమె వేలు పెట్టగా నేను చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మా పెదనాయనకు సముద్రం పక్కన రొయ్యల గుంట ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆయన ఫోన్ మోగేలా ఒక పరికరం చేశాను. దాని ప్రోగ్రాం చూపిస్తే అక్క ఒక్క వరుస దగ్గర ఆగింది. అక్కడ నేను అన్‌రాప్ అని రాశాను. సెన్సర్ జవాబిచ్చి తీరుతుందని నమ్మి రాసే మాట అది. ఇవ్వకపోతే ప్రోగ్రాం మొత్తం అక్కడికక్కడే ఆగిపోతుంది.

"సెన్సరుకు బురద పట్టిందనుకో, అప్పుడేంది?" అంది.

"ఈరోజే మార్చేస్తానక్కా."

"మార్చినాకనే గుంటలో పెట్టు."

మార్చకుండానే గుంటలో పెట్టేశాను. సాయంత్రం ఆమె "మార్చినావా?" అని మెసేజ్ పెడితే "మార్చినానక్కా" అని రాశాను. ఎందుకు? బద్ధకమా? కాదు, పొగరే. నెలల తరబడి ప్రతిదానికీ ఆమెనే అడిగి అడిగి, నా అంతట నేను చేసింది ఒక్కటైనా ఉండాలనిపించింది, అది తప్పైనా సరే. పెదనాయన అప్పటికే ఊరంతా "మా ఇంజనీరు" అని చెప్పుకుంటున్నాడు. నన్ను నమ్మి గుంట దగ్గర కాపలా కూడా మానేశాడు.

బురద పట్టింది. ప్రోగ్రాం ఆగింది. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా ఫోన్ మోగలేదు. తెల్లారి చూస్తే గట్టు పొడవునా రొయ్యలు చచ్చి పడి ఉన్నాయి. భయపడి అక్కకే ఫోన్ చేశాను. సాయం చేద్దామని స్కూటీ మీద వచ్చింది.

"ఏందిరా ఇది? ఎందుకు మోగలా?" అన్నాడు పెదనాయన. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు.

"ఫోన్ మోగించే ముక్క అక్క రాసిచ్చింది పెదనాయనా," అన్నాను.

అక్క గట్టు మీదే ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. నేను రాసిన అబద్ధం ఆమె ఫోన్లో ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. తీయలేదు. పెదనాయన నోటికొచ్చినట్టు తిడుతుంటే విని, వెళ్లిపోయింది. ఎందుకు ఊరుకుంది? నా పరువు కాపాడిందా? లేక నన్ను చూసి అసహ్యమేసి నోరు రాలేదా? రెండోదే అయితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వారం నుంచే జనం పిల్లల్ని పంపడం మానేశారు. ఆదివారం పాఠాలు ఆగిపోయాయి. నేను ఇంటికొచ్చి ఆ వరుస మార్చాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. రెండు నిమిషాలు పట్టింది. తర్వాత అదే పరికరం చూపించి ఉద్యోగం కూడా తెచ్చుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్లు నన్ను సాయం అడుగుతారు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుందామని చూస్తాను. నావల్ల కాదు. వాళ్ల కీబోర్డు లాక్కుని నేనే కొట్టేస్తాను.

అక్క పేరెత్తితే పెదనాయన ఇప్పటికీ మండిపడతాడు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతుంటాను.

ఆ వరుస రాసింది నేను. మార్చానని బొంకింది నేను. అక్క ఒక్క అక్షరం కూడా కొట్టలేదు. ఈ మాట పెదనాయనకు చెప్పాల్సింది, మీకు చెప్పాను. అంతమాత్రానికే గుండె కాస్త తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉంది.