ముడి విప్పే చేతులు

మా పిన్ని పోయిందన్న కబురు తమ్ముడి కొట్టుకి ఫోనులో వచ్చింది. వాడు కొట్టు తలుపులు దగ్గరికి వేసి, నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. నేను దేవుడి దగ్గర నిన్నటి పూలు తీస్తున్నాను. "పిన్ని ఇక లేదక్కా" అన్నాడు. నా చేతిలో వాడిన మందారాలు, తులసి దళాలు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో కాసేపు తోచలేదు.

పిన్ని గురించి చెప్పాలంటే ఆ వాడిన పూల దగ్గరే మొదలుపెట్టాలి.

మా అమ్మకి చెల్లెలు ఆవిడ. రాజమండ్రిలో పుట్టి, గోదావరి సముద్రంలో కలిసే చోట, అంతర్వేదికి దగ్గరలో ఉన్న ఒక చేపలు పట్టేవాళ్ళ ఊరికి కోడలిగా వెళ్ళింది. బాబాయిది అక్కడ కిరాణా కొట్టు. ఆయన తొందరగా పోయారు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమంటే "కొట్టు ఉందిగా" అంది. అంతే. ఉప్పు, పప్పు, చింతపండు, కిరసనాయిలు, ఏది కావాలన్నా ఆ ఊరివాళ్ళు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడని 'అమ్మగారు' అనేవారు. ఆ కొట్టే ఆవిడ తిండి, ఆ కొట్టే ఆవిడ బంధువులు.

పొట్లం కట్టడం ఆవిడ దగ్గర చూడాలి. పాత పేపరు చింపి, అరచేతిలో తిప్పి, కింద మడిచి, దూలానికి వేలాడే దారపుండ నుంచి దారం లాగి చుట్టేది. ముడి వేసేది కాదు. దారం కొసని దారం కిందికే దూర్చేది. ఒక్క లాగుకి విడిపోయేది. చిన్నప్పుడు సెలవులకి వెళితే నా చేత కూడా కట్టించేది. నేను గట్టిగా ముడి వేశానని ఒకసారి మొత్తం విప్పించింది.

"పొట్లం కట్టేటప్పుడు విప్పే చేతులు గుర్తుండాలే. పొయ్యి ముందు కూచుని తడి చేత్తో విప్పుకుంటారు వాళ్ళు" అంది.

ఆ మాట అప్పట్లో పొట్లాల గురించే అనుకున్నాను.

దేవుడికి పెట్టిన పువ్వు కాళ్ళ కింద పడకూడదు, పారే నీళ్ళలో కలపాలి అని మా ఇళ్ళలో పట్టింపు. మా అమ్మ అరిటాకులో చుట్టి రేవుకి పట్టుకెళ్ళేది. పుష్కరాలప్పుడు కూడా మావి ఆకు పొట్లాలే. ఆ తరవాత ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. మా బజారులో ముందుగా తెచ్చినవాళ్ళలో మా తమ్ముడొకడు. పల్చటి తెల్ల కవరు, దాని మీద ఎర్రగా కొట్టు పేరు. చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఆకు చిరిగి పసుపునీళ్ళు చీర మీద కారే బాధ తప్పింది. పూలు, అక్షతలు, తెగిన తోరాలు, చిరిగిన పటం, అన్నీ అందులో వేసి, రెండు చెవులూ బిగించి ముడి వేసేవాళ్ళం. రైలెక్కేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి, "బ్రిడ్జి మీదకి రాగానే గోదారి తల్లికి సమర్పించండి" అనేవాళ్ళం. వాళ్ళు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి విసిరేవారు. లోపల చిక్కుకున్న గాలికి అది మునిగేది కాదు. తేలుతూ పోయేది. ఎటు పోతోందో మేము చూడలేదు.

ఒక కార్తీకంలో తమ్ముడూ నేనూ సముద్రస్నానానికి పిన్ని ఊరు వెళ్ళాం. పొద్దున్నే కొట్టు అరుగు మీద కూచుని ఉండగా నూకాలు వచ్చింది. నూకాలుది పిన్ని వాళ్ళ వీధి చివరిల్లు. మొగుడు వేటకి వెళతాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. నెత్తి మీద తట్ట దింపుతూ నన్ను చూసి నవ్వింది.

"ఆయ్, రాజమండ్రి అమ్మగోరు. మీ ఊరి దేవుళ్ళు మీకన్నా ముందే వచ్చేశారండి."

తట్ట అరుగు మీద బోర్లించింది. అన్నీ ముడి వేసిన కవర్లే.

"చేపలేవే?" అంది పిన్ని.

"చేపలెక్కడివండి. వల బరువుగా ఉందని మా ఆయన మురిసిపోయాడు. పైకి లాగితే గౌరీదేవి పటవండి."

పిన్ని నవ్వింది. నూకాలు మాత్రం నవ్వలేదు.

"నవ్వకండి అమ్మగోరూ. ఉత్త చెత్తయితే ఇసిరి పారేద్దును. కుంకం ఉంటంది, పటం ఉంటంది. తొక్కితే పాపం, పారేస్తే పాపం. ఇంకెవరికి తేనండి, మీకే తెచ్చాను."

ఇది ఆ రోజు మొదలైంది కాదని నాకు అప్పుడు తెలిసింది. వలలో పడ్డవీ, ఒడ్డుకి కొట్టుకొచ్చినవీ ఆ ఊరివాళ్ళు పిన్ని అరుగు మీద పెట్టి వెళ్ళేవారు. ఆవిడ మధ్యాహ్నం కొట్టులో జనం లేని వేళ కూచుని ముడులు విప్పేది. ఉప్పునీళ్ళకి బిగుసుకుపోయిన ముడులు. "కత్తితో కోసెయ్యకూడదా పిన్నీ" అన్నాను. "దేవుడికి కట్టింది కొయ్యకూడదే" అంది. గోళ్ళతోనే విప్పింది. లోపలి పూలు నల్లగా కుళ్ళి వాసన వేస్తున్నాయి. వాటిని కొబ్బరి చెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చి, చేతులు కడుక్కుని, దణ్ణం పెట్టుకుంది. తరవాత ఖాళీ కవరు నా ముందు పట్టుకుంది.

"పువ్వు మట్టిలో కలుస్తుంది. దీన్నేం చెయ్యమంటావే?"

ఒకసారి కాల్చిందట. ఆ వాసనకి మర్నాడు పూజకి కూచోలేకపోయానంది. అప్పటినుంచి నూతి నీళ్ళతో కడిగి, దండెం మీద ఎండలో ఆరేసి, మడతపెట్టి, వెనక గదిలో గోనె సంచిలో దాచడం మొదలుపెట్టింది. వడియాలు దాచినట్టు దాచింది. ఎందుకని అడిగితే, "దీనికీ ఎక్కడో ఒక చోటుంటుంది కదా. తెలిసేదాకా ఉంచుతాను" అంది.

ఆ రోజు విప్పినవాటిలో ఒకదాని మీద ఎర్ర అక్షరాలున్నాయి. పిన్ని దాన్ని మోకాలి మీద సాపు చేసి, కళ్ళజోడు సర్దుకుని చదివి, తమ్ముణ్ణి పిలిచింది.

"నీ కొట్టు పేరు సముద్రం దాకా వచ్చిందిరా అబ్బాయ్."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

సాయంత్రం నేనూ పిన్నీ ఒడ్డు వెంబడి నడిచాం. మొగలి పొదకి పాత కవరు ఒకటి చిక్కుకుని ఉంది. తీద్దామని పట్టుకుంటే అప్పడం నలిగినట్టు నలిగి, రేకులు రేకులై ఇసకలో పడిపోయింది. నాకు మనసు తేలికపడింది.

"పోనీలే పిన్నీ, దానంతటదే పోతోంది."

ఆవిడ వంగి ఇసక తీసి అరచేతిలో పరుచుకుంది. వేలితో కెలికి చూసింది.

"పోలేదే. చిన్నదయింది" అంది.

మర్నాడు నూకాలుని అడిగింది, చేపల్లో ఏమైనా కనపడుతోందా అని. పిన్ని చేప ముట్టదు. అయినా అడిగింది.

"మెత్తళ్ళు బాగుచేసేటప్పుడు ఒక్కోదాని కడుపులో తెల్ల ముక్క ఉంటందండి. ఏరి పారేత్తన్నాం."

"ఏరడానికి అందనిదో?"

"తినేత్తన్నామండి" అంది నూకాలు, తట్ట ఎత్తుకుంటూ.

ఆ మాట తరవాత పిన్ని తన కొట్టులో కవరు పెట్టనని అనుకుంది. ఎవరికీ చాటలేదు. కానీ అప్పటికే ఎదురుగా కొత్త కొట్టు వచ్చింది. అక్కడ ఏది కొన్నా కవర్లో పోసిచ్చేవారు. సముద్రపు గాలికి, వానకి, పేపరు పొట్లంలో ఉప్పు ఇల్లు చేరేలోపే చెమ్మగిల్లిపోయేది. జనం మెల్లగా అటు తిరిగారు. తమ్ముడు పిన్ని కొట్టుకి సరుకులు వేయడానికి వెళ్ళినప్పుడు ఒక కవర్ల కట్ట కూడా పట్టుకెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను.

"పిన్నీ, ఇలా అయితే కొట్టు మూతపడుతుంది" అన్నాడు.

"తెలుసురా."

"మూతపడితే పడనీ అంటావా?"

"ఎలా అంటాను? ఇది లేకపోతే నేనేం చెయ్యను? రోజంతా జపం చేసుకుంటాననుకున్నావా, మీ అక్కలాగా?"

నేను తల వంచుకుని నవ్వుకున్నాను. తమ్ముడు కట్ట చూపించి, "ఇవి ఉంచుకో మరి" అన్నాడు. ఆవిడ ఆ కట్టని ముట్టుకోలేదు. చివరికి "అటక మీద పడెయ్" అంది.

గిన్నె తెచ్చుకోండి, గుడ్డ తెచ్చుకోండి అని వచ్చినవాళ్ళకి చెప్పేది. కొందరు తెచ్చుకున్నారు. నూకాలు సత్తుగిన్నె పట్టుకుని వచ్చేది. "వీధిలో నన్ను చూసి, నూకాలు అడుక్కోడానికి బయల్దేరిందంటన్నారండి" అని దెప్పుతూనే వచ్చేది. మిగతావాళ్ళు తగ్గిపోయారు. నేను వెళ్ళిన ఒక సాయంత్రం బేరాల్లేక పిన్ని ఉత్త పేపరుతో పొట్లాలు చుడుతూ కనిపించింది. చుట్టడం, లాగడం, విప్పడం. "చెయ్యి మర్చిపోకుండా" అంది.

ఇక్కడ మా వీధిలో నేను పూలు కవర్లో వెయ్యవద్దని చెప్పి చూశాను. నేను పెరట్లో మందార మొదట్లో పూడుస్తున్నానని తెలిసి, "దేవుడి పువ్వు మట్టిలోనా, గోదారి పక్కనే పెట్టుకుని?" అని ఒకావిడ నొచ్చుకుంది. వాదించడం నాకు రాదు. ఇద్దరు ముగ్గురు విన్నారు. తమ్ముడు కవర్ల మీద పేరు వేయించడం మానేశాడు. కవర్లు మానలేదు.

కిందటి వానాకాలంలో ముసురు పట్టి వదలకుండా ఉన్నప్పుడు నూకాలు కూతురు ప్రసవించింది. నూకాలు తడిసి ముద్దై, వట్టి చేతులతో పరిగెత్తుకొచ్చింది. బాలింతకి బెల్లం, శొంఠి, వాము కావాలి. పిన్ని కట్టిన పొట్లం గుమ్మం దాటకుండానే చినిగిపోయింది. ఇంకోటి కట్టింది. అదీ అంతే. ఇంట్లో డబ్బాలు వెతకడానికి వెళితే నూకాలు "అవతల పిల్ల ఒక్కత్తే ఉందండి" అని ఏడ్చింది. పిన్ని పీట వేసుకుని అటక మీది కట్ట దించింది.

ఈ సంగతి నేను వెళ్ళినప్పుడు తనే చెప్పింది. "నేనూ ఇచ్చానే" అంది. మళ్ళీ తనే, "ముడి మాత్రం వెయ్యలేదు. చెవులు పట్టుకుని చేతికిచ్చాను" అంది.

నేను తప్పు లేదన్నాను. బాలింత కోసం ఇచ్చావు, స్వామికి తెలుసు అన్నాను.

"స్వామికి తెలుసులే. చేపకి తెలియదుగా" అంది.

ఒకరికి ఇచ్చాక ఇంకొకరికి లేదనలేకపోయింది. "నూకాలుకైతే ఇచ్చారు, మేమేం పాపం చేశామండి" అని అడిగారట. జనం మళ్ళీ వచ్చారు. కొట్టు నిలిచింది. దూలానికున్న దారపుండ మాత్రం కదలడం మానేసి దుమ్ము పట్టింది. నేను చివరిసారి చూసినప్పుడు, కొట్టులో జనం ఉన్నారు, పిన్ని ముఖంలో ఆ కళ లేదు. పడుకునే ముందు ఇద్దరం నామం చెప్పుకుంటుంటే మధ్యలో ఆపేసింది. "జపం కుదరడం లేదే. మాల తిప్పుతుంటే వేళ్ళకి ముడులే తగులుతున్నాయి" అంది. ఆవిడ చేయి నా చేతిలోకి తీసుకున్నాను. గోళ్ళు అరిగి ఉన్నాయి.

ఆవిడ వెళ్ళిపోయాక కర్మ అంతా తమ్ముడే చేశాడు. సంగమంలో అస్థికలు కలిపి వచ్చి, తడి బట్టలతోనే పిన్ని ఇల్లు సర్దడానికి కూచున్నాం. నూకాలు కూడా వచ్చింది. వెనక గదిలో గోనె సంచి కనపడగానే, "ఇదేంటక్కా, ఇంత తేలికగా ఉంది" అంటూ తమ్ముడు పైకెత్తాడు. అడుగు చివికిపోయిన సంచి. ఎత్తగానే తెగింది.

లోపల కవర్లు లేవు. మడతలు మడతలుగానే నలిగి, తెల్లటి పొట్టు అయిపోయాయి. పిన్ని వాటిని శుభ్రంగా కడిగి, రోజూ ఎండలో ఆరేసి దాచింది కదా. ఎండ తన పని తాను చేసింది.

వీధి తలుపు తీసి ఉంది. సముద్రపు గాలి ఒక్క విసురుగా లోపలికొచ్చింది. పొట్టు గదంతా లేచింది. "తలుపెయ్యండి, తలుపెయ్యండి" అంటూ నూకాలు కొంగు పరిచి అడ్డం నిలబడింది. నేను తలుపు వేసేసరికే చాలావరకు అరుగు దాటి, ఇసకలోకి, అటు నీళ్ళవైపుకి పోయింది. తమ్ముడు ఖాళీ సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత నేల మీద కూచుని ఒక్కొక్క రేకు ఏరడం మొదలుపెట్టాడు. ఒక దాని మీద ఎర్రటి గీత ఉంది, ఏదో అక్షరంలోని కొమ్ము. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పిన్ని ఉంటే ఆ రోజు ఒడ్డున నాతో అన్న మాటే మళ్ళీ అనేది.

ఇంటికి వచ్చి, ఆ రోజు కట్టుకున్న చీర ఉతకడానికి విప్పితే, కుచ్చిళ్ళలో ఒక రేకు అంటుకుని ఉంది. బియ్యపు గింజంత. నూతి దగ్గర దులపలేకపోయాను. ఆ నీళ్ళు కాలవలోకి, కాలవ గోదాట్లోకి పోతుంది. మట్టిలో పెట్టలేను, పొయ్యిలో వెయ్యలేను. కుంకం భరిణె మూతలో పెట్టి దేవుడి దగ్గర ఉంచాను. మైల విడిచాక మళ్ళీ దీపం పెడుతున్నాను. పొద్దున్న నామం చెప్పుకునేటప్పుడు, నా ఊపిరి తగిలినప్పుడల్లా అది మూతలో కొంచెం లేచి, మళ్ళీ కూచుంటుంది.