ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండింటికి

పంజాగుట్టలో మా కాలనీ క్లబ్బుకు ఒక పాత స్విమ్మింగ్ పూల్ ఉండేది. ఇప్పుడక్కడ కంప్యూటర్ కోర్సుల పిల్లలకు హాస్టల్ కట్టారు. పూల్లో టైల్స్ ఊడి కాళ్లు గీసుకుపోయేవి, నీళ్లలో దిగితే కళ్లు మండేవి. పొద్దున, సాయంత్రం మగవాళ్లకు. ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళ ఎవరూ చూడరని కమిటీ పెద్దమనుషులు ఎంతో మర్యాదగా ఆలోచించారు. ఎండ సంగతి వాళ్లకు పట్టలేదు.

అక్కకూ పట్టలేదు. డిగ్రీ చదువుతూ రోజూ వెళ్లేది. ఖైరతాబాద్ నుంచి స్కూటర్ మీద వచ్చే పెద్దాయన ఈత నేర్పేవాడు. అందరినీ తిట్టేవాడు, అక్కను తప్ప. స్టేట్ పోటీలకు వెళ్లాలన్నదే దాని ధ్యాసంతా. ఆ ఒక్క మాటే వినీ వినీ నాకు విసుగొచ్చేది.

ఇంతలో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. అమ్మ అక్కను ఎగాదిగా చూసి ఆ రోజే ఈత మాన్పించింది. వారాల తరబడి నలుగుపిండి పెట్టి రుద్దింది. ముఖం కాస్త తేరుకుంది గానీ చేతులు మాట వినలేదు.

పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి గాజులు చూస్తున్నట్టే చూస్తూ అక్క జాకెట్టు చేతిని పైకి జరిపింది. పైన తెలుపు, కింద నలుపు, మధ్యలో గీత.

"ఇదేంటండీ, రెండు రంగులు?"

"మేడ మీద వడియాలు పెడుతుందండీ. పనిమంతురాలు," అంది అమ్మ. అంత చక్కగా అబద్ధమాడగలదని నాకప్పటిదాకా తెలియదు. నాన్న జంతికలు నములుతున్నాడు.

అప్పుడే తెరిచి ఉన్న గుమ్మంలోకి ఈత మాస్టారు వచ్చి నిలబడ్డాడు. లోపల ఎవరున్నారో చూసుకోలేదు.

"గిన్ని దినాలు ఎటు పోయినవ్ బేటా? స్టేట్ ఈత పోటీలకు నీ పేరొచ్చింది. ఆదివారం పొద్దుగాల రావాలె. జర నాన్నకు చెప్పు."

"ఎవరమ్మా ఆయన?" అంది అబ్బాయి తల్లి.

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ పళ్లెం సర్దుతోంది. అక్క లేచి గుమ్మం దాకా వెళ్లింది.

"ఈ ఇంట్లో ఈత కొట్టేవాళ్లెవరూ లేరండీ. ఇల్లు పొరబడినట్టున్నారు."

ఆయన దాని పట్టుచీర, పూలజడ చూశాడు. "మాఫ్ చెయ్ బేటా, ఇల్లు మర్చిపోయిన," అని చెప్పులేసుకున్నాడు. నాకు ఆ గదిలో అందరి చెంపలూ వాయించాలనిపించింది, అక్కతో సహా.

ఆదివారం అక్క గదిలోంచి బయటికి రాలేదు. పోటీలు అయిపోయాయి. మంగళవారం మధ్యవర్తి ఫోన్ చేశాడు. వాళ్లకు అన్నీ నచ్చాయిగానీ, అమ్మాయి రంగు తక్కువన్నారట.