మూడో రాయి

నేను మోస్తున్న బరువు గుప్పిట్లో పట్టే రాయంత. దాన్ని నేను విసరలేదు, ముట్టుకోలేదు కూడా. అయినా ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. నా భర్తకు తెలియదు. నాయినకు అసలే తెలియదు. మీరు నాకు ఏమీ కారు కాబట్టి మీకు చెప్తున్నాను.

నాయిన సైన్యంలో ఫిరంగుల విభాగంలో పనిచేశాడు. యుద్ధంలో ఆయన పని కొండ మీద బైనాక్యులర్‌తో కూర్చుని, ఎక్కడో లోయలో ఉన్న ఫిరంగులకు గుండు ఎక్కడ పడిందో వైర్‌లెస్‌లో చెప్పడం. పేల్చేవాళ్లకు శత్రువు కనపడడు. మొదటి గుండు అవతల పడుతుంది, రెండోది ఇవతల. మూడోది ఆ రెండింటి నడుమకు. గుడ్డిగా ఎన్ని కొట్టినా శబ్దమే తప్ప పని జరగదని, చూసి చెప్పేవాడు ఉంటేనే ఫిరంగి ఆయుధమవుతుందని అనేవాడు. సైదాబాద్ కిరాయి ఇంట్లో అన్నం పళ్లెంలో మెతుకులు పెట్టి మరీ చూపించేవాడు. నాయిన అంటే నాకు గర్వం. ఇప్పటికీ.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఒక బంద్ రోజు ఊరేగింపులో ఉన్న మా కాలేజీ వాళ్లు సందులో ఇరుక్కుపోయారు. సందు మలుపు అవతల, మెయిన్ రోడ్డు మొదట్లో పోలీసు వ్యాను అడ్డంగా నిలబడింది. టియర్ గ్యాస్ గుండ్లు వచ్చి పడుతున్నాయి. నా క్లాస్‌మేట్ సురేశ్‌ది నల్లగొండ పక్క పల్లె. జొన్నచేలో రాళ్లు విసిరి పిట్టలను తోలే వడిసెల వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ మలుపులోని రేకుల షాపు అవతల ఏముందో వాడికి కనపడదు. నేను కోచింగ్ సెంటర్ డాబా మీద ఉన్నాను. నాకు కనపడుతుంది. ఫోన్ చేశాను. వాడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వడిసెల అందుకున్నాడు.

మొదటి రాయి వ్యాను దాటిపోయింది. తగ్గించమన్నాను. రెండోది వ్యానుకు ఇవతలే పడింది. ఆ రెంటి నడుమకు కొట్టమన్నాను. నా గొంతు వణకలేదు. అప్పుడే వ్యాను పక్కనున్న కానిస్టేబుల్ ఒకతను హెల్మెట్ తీసి, నీళ్ల సీసా ఎత్తాడు.

చూశాను. "ఇప్పుడు" అన్నాను.

అతను ముఖం పట్టుకుని కూలబడ్డాడు. అతన్ని ఎత్తుకుని పోలీసులు వెనక్కి తగ్గారు. మావాళ్లు బయటపడ్డారు. నాకు మొదట కలిగింది భయం కాదు, సంతోషం. చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వాను.

సాయంత్రం టీవీలో అదే వీధిని మళ్లీ మళ్లీ చూపించారు. నాయిన ముందుకు వంగి కూర్చున్నాడు.

"ఎవడో పైనుంచి చెప్తున్నడు చూడు. అవతలొకటి, ఇవతలొకటి, ఇగ నడుమల. మా సుబేదార్ చూస్తే వాణ్ని ఫౌజులకు ఎత్తుకపోయేటోడు."

నాకు ఒళ్లంతా పొంగింది. నేనే అని చెప్పాలనిపించింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాయినా, నువ్వు చెప్పినప్పుడు ఆడ ఎవరన్న నీళ్లు తాగుతుండెనా?"

నాయిన టీవీ గొంతు తగ్గించాడు. "అంత దగ్గర కనపడదు బిడ్డా. కనపడితే చెప్పలేం."

ఆ కానిస్టేబుల్‌కు కన్ను పోయింది. పేపర్లో అతని ఊరి పేరు వేశారు. మా ఊరికి పక్క ఊరే. ఒకసారి దవాఖాన గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. అనుకోకుండా తగిలిందని సురేశ్ ఇప్పటికీ బాధపడతాడు. వాడికి కనపడలేదు కదా. నేను గురిపెట్టింది వ్యానుకే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మరి ఆగమని ఎందుకు అనలేదు? మనిషి ఒక గుక్క నీళ్లు తాగేంతసేపు?

తెలంగాణ వచ్చింది. ఆ వీధుల్లో నేనూ ఉన్నానన్న గర్వం పోలేదు, పోవాలని కూడా లేదు. కష్టం ఏమిటంటే, ఆ గురి మీద గర్వం కూడా పోలేదు.

నిన్న మీర్‌పేట్‌లో మా డాబా మీద నాయిన నా కొడుక్కి గులకరాళ్లతో పెయింట్ డబ్బాను కొట్టడం నేర్పిస్తున్నాడు. అవతలొకటి. ఇవతలొకటి. మూడోదానికి డబ్బా మోగింది. వాడు తిరిగి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అది నాదే. చప్పట్లు కొట్టాను. తర్వాత వాడు దుమ్ము పడి కన్ను నులుముకుంటే పరుగెత్తి వాడి చెయ్యి పట్టుకున్నాను. రాత్రి వాడు నిద్రపోయాక రెండుసార్లు లేచి వాడి రెప్పలు చూసొచ్చాను.

కనపడితే చెప్పలేమన్నాడు నాయిన. నాకు కనపడింది. హెల్మెట్ లేని తల, ఎత్తిన సీసా, కదులుతున్న గొంతు.

చెప్పాను.