పిన్నికి చదివిన చివరి భాగం

మా అమ్మ చెల్లెలు పెళ్లి చేసుకోలేదు. కొత్తపేటలో ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వేసవి సెలవులు ఇవ్వగానే అమలాపురం నుంచి నన్ను ఆ పిన్ని దగ్గరికి పంపేవారు. మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్క మొదలైతే చాలు, పిన్ని మిషను మీంచి లేచి పుస్తకం తీసేది. ఏటి అడుగున ఒక రాజ్యం, అక్కడికి దారి తెలిసిన ఒక పిల్ల, ఆ పిల్లను వీపు మీద మోసే మాట్లాడే తాబేలు. భాగాలు భాగాలుగా సాగే కథ. తాబేలు మాటలు వచ్చినప్పుడల్లా పిన్ని నోట్లో తాంబూలం ఉన్నట్టు గొంతు మార్చి చదివేది.

పిల్ల ఆ రాజ్యం గుమ్మం దాకా వెళ్లింది. అక్కడితో రాసినావిడ ఆపేశారు. నేను చదువుకుని టీచరునయ్యాను, పెళ్లయింది. ఇన్నేళ్లలో పిన్నీ నేనూ ఎప్పుడు కలిసినా ఆ పిల్ల లోపలికి వెళ్తుందా, వెనక్కి వస్తుందా అని వాదించుకునేవాళ్లం.

నిరుడు చివరి భాగం వచ్చింది. అప్పటికే గ్లకోమా పిన్ని చూపును చాలావరకు తినేసింది. మిషను మీద పాత చీర కప్పి ఉండేది. ఆదివారాలు బస్సెక్కి వెళ్లి నేనే చదివి వినిపిస్తానన్నాను.

ఆత్రం పట్టలేక ముందే ఇంట్లో మొత్తం చదివేశాను. పిల్ల లోపలికి వెళ్తుంది. కానీ పైకి వచ్చేసరికి ఏదీ గుర్తుండదు. గట్టు మీద తన కోసం కాచుకుని ఉన్న తాబేలును మామూలు తాబేలనుకుని దాటి వెళ్లిపోతుంది. పుస్తకం మూశాక నాకు అన్నం సయించలేదు. చూపు పోతున్న మనిషికి ఇది ఎలా చదవాలి? ఆ పేజీలు వదిలేసి, ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లారని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

ఆ చోటు వచ్చిన ఆదివారం నాలుగు కాగితాలు కలిపి తిప్పి, నా సొంత మాటలు మొదలుపెట్టాను. పిన్ని చెయ్యెత్తింది.

“ఆగమ్మా. అక్కడేదో వదిలేసేవు.”

లేదన్నాను.

“అందులో ఏముందో అదే చదువు. ఇప్పుడందరూ నాకు మంచి మాటలే చెబుతున్నారు. డాక్టరు గారూ అంతే. నువ్వు కూడానా?”

వెనక్కి తిప్పి ఉన్నదున్నట్టు చదివాను. పిన్ని మొహం కిటికీ వైపు తిప్పుకుని విన్నది. అయ్యాక, ఆ పిల్ల ఒక్కసారైనా తిరిగి చూడలేదా అని అడిగింది. చూడలేదని చెప్పాను. లేచి, గోడ పట్టుకుని టీ పెట్టడానికి వెళ్లింది. నేను పెడతానంటే ఒప్పుకోలేదు.

మరుసటి ఆదివారం పుస్తకాలన్నీ తీసుకుపొమ్మంది.

“అవి ఇక్కడుంటే చెయ్యి అటే పోతోందే. అట్ట తడిమి ఇది ఫలానా భాగమని పోల్చుకుంటాను. తెరిస్తే ఏముంది?”

మొదటినుంచీ మళ్లీ చదివి వినిపిస్తానని బతిమాలాను.

“వద్దమ్మా. నీ గొంతులో వింటుంటే నేను చదివింది చెరిగిపోతోంది.”

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కనబడనివ్వకుండా పుస్తకాలు సంచిలో సర్దాను. కనబడవని తెలిసినా మొహం తుడుచుకున్నాను.

మలికిపురం దగ్గర బడిలో నాతో ట్రైనింగు చేసిన ఒకావిడ పనిచేస్తున్నారు. ఫోను చేస్తే “ఆయ్, తెచ్చెయ్యండి, పిల్లలు చదువుతారండి” అన్నారు. నేను చూస్తుండగానే ఆవిడ వాటి మీద బడి ముద్ర వేసి బీరువాలో పెట్టారు. చివరి భాగం ఒక్కటైనా ఉంచుకుందామనుకున్నాను కానీ అదే నాకు అన్నిటికంటే అక్కర్లేదనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం కొత్తపేటకు వట్టి చేతులతో వెళ్లాను. ఎదురుబొదురుగా కూర్చున్నాం. నా స్కూలు సంగతులు అడిగింది, చెప్పాను. కళ్లలో చుక్కలు వేసుకున్నావా అని నేనడిగాను, వేసుకున్నానంది. చిన్నప్పటినుంచీ మా మధ్య ఎప్పుడూ ఆ కథే ఉండేది. అది లేకుండా పిన్నితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఇంకా నేర్చుకుంటున్నాను.